తొమ్మిదో గ్రీన్ మీద సాయంత్రం కన్నం

మీరు రాజోలు వైపు ఎప్పుడొచ్చినా, ఎంత తొందర పనిమీదొచ్చినా, సలోమిగారిని కలవకుండా మాత్రం వెళ్ళకండి. గోదారి గట్టు దిగి కొబ్బరితోటల మధ్యనుంచి పోతే గంగాధరరావుగారి రిసార్టు వస్తుంది. దాని వెనకాల తొమ్మిది గ్రీన్‌ల చిన్న గోల్ఫ్ మైదానం ఉంది. అవును, గోల్ఫే. మన కోనసీమలోనే. పొద్దున్నే వెళ్తే అక్కడ ఒకావిడ కనిపిస్తుంది. చున్నీని టోపీ మీంచి తెచ్చి గడ్డం కింద ముడేసుకుని, రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టి, నున్నటి గడ్డి మీద వట్టికాళ్ళతో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. చెవి రింగు పడిపోతే వెతుక్కుంటోంది కాబోలు అనుకుంటారు. ఆవిడే సలోమి. ఇవాళ కన్నం ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటోంది.

గోల్ఫ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బంతిని కొట్టుకుంటూ కొట్టుకుంటూ చివరికి చేర్చే చోట గడ్డిని తివాచీలా కత్తిరించి ఉంచుతారు. అదే గ్రీన్. అందులో ఒక కన్నం, కన్నంలో ఒక జెండా. ఆ కన్నం అక్కడే పుట్టి అక్కడే పెరిగిందని మనం అనుకుంటాం. కాదు! రోజూ మారుతుంది. ఒకేచోట ఉంచితే చుట్టూ తొక్కి తొక్కి గడ్డి చచ్చిపోతుంది. అందుకని పొద్దున్నే ఇనప గొట్టంలాంటి కట్టర్‌ని కొత్తచోట దింపి, గడ్డితో సహా మట్టిముద్దని పైకి లాగి, తెచ్చి పాత కన్నంలో కూరి కాలితో అదిమేస్తారు. పుచ్చకాయకి గాటు పెట్టి, ముక్క తీసి ఎరుపు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారే, అచ్చం అలాగ.

కొయ్యడం ఎవరైనా కోస్తారు. ఎక్కడ కొయ్యాలన్నదే అసలు సంగతి. మరీ అంచుకి వద్దు. వాలులో వద్దు, బంతి నిలవదు. మొన్నటి మచ్చ మీద వద్దు. తొమ్మిదీ కష్టంగా పెడితే వచ్చినవాళ్ళు తిట్టుకుంటారు, తొమ్మిదీ తేలిగ్గా పెడితే నవ్వుకుంటారు. సలోమి అగ్రికల్చర్ కాలేజీలో తోటల చదువు చదివింది. రిసార్టులో పూలమొక్కలు చూసుకోడానికని చేరింది. గోల్ఫ్ మైదానం వేసినప్పుడు ఆ బాధ్యత చూసే మనిషి దొరక్క, "గడ్డి కూడా మొక్కే కదండీ" అని గంగాధరరావుగారు ఆమెకే అప్పజెప్పేరు. మొదట్లో భయపడింది. తర్వాత పిచ్చి పట్టుకుంది. రాత్రి కంప్యూటర్లో ఎక్కడెక్కడి గ్రీన్‌లనో చూసి, పొద్దున్నే వచ్చి ఇక్కడ తన పాదాలతో చూసుకునేది.

ఇంట్లో మాత్రం అదో వేళాకోళం. వాళ్ళత్తగారు చర్చిలో ఎవరడిగినా మొహం ఏమాత్రం మార్చకుండా, "మా కోడలాండీ? కన్నాలేస్తదండి. పొద్దున్నే పోయి తొమ్మిది కన్నాలేసి వస్తది" అనేది. భర్త ప్రవీణ్ కుమార్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. "దొరికిపోకుండా చూసుకో" అని సైకిల్ తీసేవాడు.

ఇప్పుడు కేశవరావుగారి గురించి చెప్పాలి. గంగాధరరావుగారి తండ్రి. అప్పటికే ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఇప్పుడు మైదానమున్న నేలంతా ఒకప్పుడు ఆయన కొబ్బరితోట. చెట్లు ముదిరిపోయి, తెల్లదోమ పట్టి, దింపుకి కాయ రాకుండా పోయాక కొడుకు వాటిని తీయించి ఈ గోల్ఫ్ పెట్టేడు. ముసలాయన అడ్డు చెప్పలేదు గానీ, పని జరిగినన్నాళ్ళూ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు. సరిగ్గా అక్కడే ఒక పొరపాటు జరిగింది.

గ్రీన్ అడుగున కంకర, దాని మీద ఇసక, ఆ పైన గడ్డి. నీరు కిందికి దిగిపోవాలి. అది పద్ధతి. ఎనిమిది గ్రీన్‌లు అలాగే వేసేరు. తొమ్మిదోదానికి వచ్చేసరికి కంకర చాల్లేదు. లారీ కోసం చూద్దామన్నాడు కాంట్రాక్టరు. కేశవరావుగారు కర్రతో నేల మీద కొట్టేరు.

"కంకరెందుకయ్యా? డొక్కలు పరిపించు. కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు పాతితే వేసవంతా తేమ ఆగుద్ది. మా తాతల కాలం నుంచీ చెట్ల మొదట్లో అవే కదా వేస్తున్నాం."

"నీరు ఆగకూడదండి, దిగిపోవాలి."

"నీరు ఆగకపోతే గడ్డెలా బతుకుద్దయ్యా? నీది ఏ ఊరు?"

పనివాళ్ళు ఫక్కుమన్నారు. వాళ్ళంతా కొబ్బరి దింపుల్లో, ఒలుపుల్లో పెరిగినవాళ్ళే. డొక్కల మాట వాళ్ళకి వేదవాక్కు. రెండు ట్రాక్టర్ల డొక్కలు వచ్చేయి, పరిచేరు, ఇసక కప్పేరు. అప్పుడు మోసినవాళ్ళలో రత్నం ఒకడు. ఇప్పుడు రత్నమే సలోమి చూపించిన చోట కన్నం కోసేవాడు. "ఆ తొమ్మిదోది మా చేత్తో వేసిందేనండి, ఆయ్" అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

రెండు వానాకాలాలు గడిచేసరికి డొక్కలు మెత్తబడ్డాయి. గ్రీన్ మధ్యలో నేల కుంగి పళ్ళెంలా పల్లమైంది. ఆ పక్కన ఒక చివర మాత్రం, డొక్కలు అందనిచోట, మెరకగా మిగిలింది. సలోమి ఆ పల్లంలో కట్టర్ దింపించిన మొదటిరోజే మట్టితోపాటు నల్లటి పీచు పైకొచ్చింది. ఆమెకి అంతా అర్థమైంది. గంగాధరరావుగారితో చెప్పింది. 

"నాన్నగారి దగ్గర మాత్రం అనకండమ్మా. ఆయనకి మిగిలింది ఆ మాట చెల్లుబాటొకటే" అన్నారు.

తర్వాత కేశవరావుగారికి పక్షవాతం వచ్చింది. ఎడంచెయ్యి, ఎడంకాలు. మాట దక్కింది, నడక కూడా కర్ర సాయంతో వచ్చింది. మనిషి మాత్రం లోపల్లోపల కూలిపోయేరు. ఎవరు పలకరించినా మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. చేతికి ఏదైనా వ్యాపకం ఉండాలని ఫిజియోథెరపీ అతను చెబితే, గంగాధరరావుగారు ఒక సాయంత్రం తండ్రిని ఇంటి వెనకే ఉన్న తొమ్మిదో గ్రీన్ మీదకి తీసుకొచ్చి, చేతిలో పుట్టర్ పెట్టేరు. పుట్టర్ అంటే గ్రీన్ మీద బంతిని నెమ్మదిగా దొర్లించే పొట్టి కర్ర.

ముసలాయన చుట్టూ చూసేరు. తిన్నగా ఒకచోటికి వెళ్ళి నిలబడ్డారు. "ఇక్కడ నా గంగాబొండాం ఉండేది" అన్నారు. బొప్పాయిల్లాంటి కాయలు కాసే పొట్టి కొబ్బరిచెట్టు అది, ఆయన చేత్తో వేసింది. అక్కణ్ణుంచే కుడిచేత్తో బంతిని తోసేరు. ఆ రోజు కన్నం పల్లంలో ఉంది, ఊరికే అలా పడింది వంతు. బంతి ఎటో పోయి, పల్లంలోకి జారి, గిర్రున తిరిగి, టక్కున కన్నంలో పడింది.

కేశవరావుగారు నవ్వేరు. నెలల తర్వాత.

"రేపు కూడా వస్తాను" అన్నారు.

మర్నాడు సలోమి పద్ధతి ప్రకారం కన్నం మార్చింది. ఎన్నిసార్లు తోసినా బంతి పడలేదు. ముసలాయన పుట్టర్‌ని విసిరికొట్టేరు. ఆ పూట అన్నం ముట్టలేదని వంటావిడ చెప్పింది. గంగాధరరావుగారు సలోమిని ఒకసారి అలా చూసేరంతే.

అప్పట్నుంచి సాయంత్రం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, రత్నం తొమ్మిదో గ్రీన్ మీద ఇంకో కన్నం కోసేవాడు. పల్లంలో. పొద్దున్న కన్నం అందరిదీ, సాయంత్రం కన్నం ఒక్కరిది.

"పెదబాబుగారి కన్నం రెడీ అండి మేడమ్‌గారూ" అనేవాడు రత్నం, పెళ్ళిలో అరిటాకు వేసినంత మర్యాదగా.

సలోమివాళ్ళ తాత ఒకప్పుడు ఈ తోటలోనే డొక్కలు మోసినవాడు, కేశవరావుగారి తండ్రిని "బాబయ్యా" అనేవాడు. సలోమి మాత్రం చేరిన మొదటిరోజే "తాతగారూ" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఏమ్మా" అన్నారు. అప్పట్నుంచి అదే పిలుపు.

"చూసేవా సలోమమ్మా! ఆడ్డానికొచ్చే ఆ రాజమండ్రి డాక్టర్లు నాలుగేసి దెబ్బలు కొట్టినా పడి చావదు. మనకి ఒక్కటే దెబ్బ!"

"మీ చెయ్యి అలాంటిదండి తాతగారూ."

"నీకు తెలీదు. కొబ్బరికాయ ఒలిచిన చెయ్యి ఇది. గునపానికి ఎక్కడ గుచ్చాలో చూసుకున్నట్టే, దీనికీ చూపు కావాలి."

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే ప్రవీణ్ కుమార్ అడిగేడు. "బంతిని నడిపిస్తున్నది ఆయనా, నువ్వా?"

"పల్లం" అంది సలోమి. "నన్నెందుకంటావ్?"

నవ్వింది గానీ ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ముసలాయన చెయ్యి నెలనెలకీ బలం తగ్గిపోతోంది. బంతి ఇదివరకంత దూరం పోవడం లేదు. దానికి తగ్గట్టు ఆమె కన్నాన్ని ఇంకాస్త కిందికి, ఇంకాస్త కిందికి జరుపుతూ వచ్చింది. జూన్ దాటేసరికి కన్నం పల్లానికి అట్టడుగున ఉంది. చుట్టూ పాత కన్నాల మచ్చలు, మాసికలు వేసిన దుప్పటిలాగ. అంతకన్నా పల్లం ఇక లేదు.

ఆ జులైలో కేశవరావుగారికి ఎనభై నిండాయి. కొడుకు ఘనంగా చేద్దామనుకున్నాడు. చుట్టాలందరినీ పిలిచేడు, పనిలోపనిగా విశాఖపట్నం నుంచి గోల్ఫ్ ఆడేవాళ్ళని పిలిచి ఒక చిన్న పోటీ కూడా పెట్టేడు. ఆదివారం పొద్దున్న పోటీ. మొదటి దెబ్బ పెద్దాయన చేత, తొమ్మిదో గ్రీన్ మీద, అందరిముందూ. ఆ సంగతి చెప్పినప్పట్నుంచీ ముసలాయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతూనే ఉన్నారు. "ఆదివారం చూద్దురుగాని. ఒకే ఒక్క దెబ్బ."

శనివారం మధ్యాహ్నం ఆటగాళ్ళ తరపున దీపక్ అని ఒకతను గ్రీన్‌లు చూడ్డానికొచ్చేడు. తొమ్మిదోదాని దగ్గర నిలబడి బంతిని చేత్తో వదిలేడు. పల్లంలోకి జారి, రేపటి కన్నానికి గుర్తు పెట్టిన చోటికి వెళ్ళిపోయింది. ఇంకో వైపు నుంచి వదిలేడు. అదీ అక్కడికే.

"మేడమ్, ఇక్కడ హోల్ పెడితే మా మామ్మ తన్నినా పడుతుంది. ఇది పోటీనా, లాటరీనా?"

సలోమి దాచలేదు. మొత్తం చెప్పింది. దీపక్ మంచివాడే. విని, ఇంటివైపు చూసి, తల గోక్కున్నాడు.

"సరే. పొద్దున్న ఇక్కడే ఉంచండి. తాతగారు కొట్టేక మెరక మీదకి మార్చేయండి. అప్పుడు ఆట మొదలుపెడదాం. ఒకసారి మొదలయ్యాక మాత్రం ఇంక కదపకూడదు."

సలోమి గుండె తేలికపడింది. ఏర్పాటు బ్రహ్మాండంగా కుదిరిందనుకుంది. పల్లంలో కన్నం కోయించి, బంతి వదిలి చూసుకుని, జెండా నిలబెట్టి ఇంటికి బయల్దేరింది. గట్టు మీదకొచ్చేసరికి ముక్కు మీద చినుకు పడింది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు వాకిట్లో నిలబడి, మొహం పైకెత్తి తడుస్తోంది. వాళ్ళ చేను శివారుది. కాలవ నీరు అక్కడిదాకా రాదు. ఊడ్పులు ఆగిపోయి ఉన్నాయి.

"ప్రభువా, ఇన్నాళ్ళకి విన్నావయ్యా! ఆపకు తండ్రీ, ఆపకు!"

సలోమి కూడా కళ్ళు మూసుకుంది. వాన ఆగాలని ప్రార్థించబోయింది. పక్కనే అత్తగారి గొంతు. ఆ చేలోనే కదా ఏడాది తిండిగింజలు. ఏమని అడుగుతుంది? ఒక్క తొమ్మిదో గ్రీన్ మీద పడకుండా మిగతా చోట్లంతా కురిపించమనా?  కళ్ళు తెరిచి లోపలికెళ్ళిపోయింది. వాన తెల్లవార్లూ కురిసింది.

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి వాన వెలిసింది. ఎనిమిది గ్రీన్‌లు మొహం కడుక్కున్న పిల్లల్లా మెరుస్తున్నాయి. తొమ్మిదోదాని మెరక కూడా శుభ్రంగా ఉంది. పల్లం మాత్రం పళ్ళెంలో చారు పోసినట్టు అంచులదాకా నిండి ఉంది. మధ్యలో జెండా ఒక్కటీ ఒంటరిగా నిలబడి ఉంది.

రత్నం అప్పటికే బకెట్టుతో తోడుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు గోనెసంచులు పరిచి, పిండి, మళ్ళీ పరుస్తున్నారు. సలోమి కూడా చున్నీ నడుముకి బిగించి దిగింది. నీళ్ళు తగ్గేయి. అంతలో అడుగునుంచి మళ్ళీ ఊరేయి, కాఫీ డికాక్షన్ రంగులో. తోడేరు. మళ్ళీ ఊరేయి.

"డొక్కలండీ మేడమ్‌గారూ" అన్నాడు రత్నం, నడుం పట్టుకుని నిలబడి. "తాగినాయండి రాత్రంతా. ఇప్పుడు కక్కుతున్నాయి. ఇయ్యి దసరాదాకా కక్కుతాయి."

"మీరే కదా మోసేరు."

"మోసేనండి. ఏం చేస్తాం. పెదబాబుగారు చెప్పేకా?"

కన్నం మెరక మీద కొయ్యడం తప్ప దారి లేదు. కోయించింది. గంగాబొండాం చోట నిలబడి తనే బంతిని నెమ్మదిగా తోసింది. సగం ఎక్కి, ఆగి, తిరిగి జారి నీళ్ళలో పడింది. ఇంకాస్త గట్టిగా తోసింది. ఈసారి ఇంకాస్త ఎక్కి మళ్ళీ జారింది. మంచిచేతులున్నవాళ్ళకి అదేం పెద్ద కష్టం కాదు. ఆయనకి మాత్రం ఆకాశమంత ఎత్తు.

సలోమి బురదకాళ్ళతోనే ఇంటి వరండా మెట్ల దగ్గరికి వెళ్ళింది. కేశవరావుగారు పట్టుపంచె, జరీ కండువాతో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పుట్టర్. చుట్టూ చుట్టాలు, ఎవరో పెట్టిన ఆత్రేయపురం పూతరేకుల పళ్ళెం. పక్కనే గంగాధరరావుగారు.

"తాతగారూ, నేల బాగా తడిగా ఉందండి. కాలు జారుద్దేమో. ఎండొచ్చేక ఇంకో రోజు ఆడదామండి."

"తడికి భయపడేవాడు కొబ్బరిరైతు అవుతాడటమ్మా?" చుట్టాలు నవ్వేరు.

"పోనీ, ఇవాళ మెరక మీద నిలబడి కొట్టండి తాతగారూ. అక్కణ్ణుంచి బావుంటుందండి."

"నా చెట్టు చోటు వదిలి నేను కొట్టను. నీకు తెల్సుగా?" అని ముసలాయన ఆమె మొహంలోకి చూసేరు. "ఏమ్మా, భయవా? నా మీద నమ్మకం లేదా?"

అప్పుడు చెప్పెయ్యచ్చు. నాలుగు మాటలు. తాతగారూ, ఇన్నాళ్ళూ పడింది మీ చెయ్యి వల్ల కాదండి. సలోమి గంగాధరరావుగారి వైపు చూసింది. ఆయన పూతరేకుల పళ్ళెం వైపు చూస్తున్నారు.

"ఉందండి" అంది.

అందరూ గ్రీన్ చుట్టూ చేరేరు. విశాఖపట్నంవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. చుట్టాలు సెల్‌ఫోన్లు పైకెత్తేరు. కేశవరావుగారు కర్ర రత్నానికిచ్చి, తన చెట్టు చోట నిలబడి, పల్లంలో నీటిని చూసి, దూరంగా మెరక మీద జెండాని చూసి, కళ్ళు చిట్లించేరు.  పల్లాన్ని తప్పించి పక్కగా తోసేరు.

బంతి కొంత ఎక్కింది. ఆగింది. వెనక్కి దొర్లుకుంటూ వచ్చి ఆయన చెప్పు దగ్గర ఆగింది.

"తడండి, తడివల్ల" అన్నారెవరో.

రెండోసారి తోసేరు. మళ్ళీ వచ్చింది. పెంచిన కుక్కపిల్లలాగ అదే చెప్పు దగ్గరికి. మూడోసారి ఒళ్ళంతా ఊగిపోయేలా తోసేరు, రత్నం పట్టుకోకపోతే పడిపోయేవారు. బంతి మెరక అంచు తాకింది. వచ్చింది. సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగేయి. 

కేశవరావుగారు వెనక్కి తిరిగేరు. జనంలో ఒక్క సలోమినే చూసేరు.

"సలోమమ్మా. కన్నం రోజూ ఉండేచోటే ఉందా?"

"లేదండి తాతగారూ. తప్పు నాదేనండి. ఇవాళ తప్పుచోట కోయించేనండి."

దీపక్ నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూసుకున్నాడు. విశాఖపట్నంవాళ్ళలో ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కన్నం సరిగ్గా ఎక్కడుండాలో అక్కడే ఉందని వాళ్ళకి తెలుసు. ఇక్కడి మనిషికి పని రాదని ఆ క్షణాన అనుకున్నా అనుకుని ఉంటారు. సలోమి దానికి సిద్ధపడే అంది. తర్వాతి మాటకి సిద్ధపడలేదు.

"అయితే సరైనచోట కొయ్యి" అన్నారు ముసలాయన, తేలికపడ్డ గొంతుతో. "నేను కూర్చుంటాను. తొందరేం లేదు. కుర్చీ తేండిరా!"

కుర్చీ వచ్చింది. పల్లం అంచునే వేసుకుని కూర్చున్నారు. అందరూ ఎదురుచూస్తున్నారు. సలోమి గంగాధరరావుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఏం చెయ్యనండి?"

"ఏదో ఒకటి చెయ్యండమ్మా" అన్నారాయన, పెదవులు కదిలీ కదలకుండా. దీపక్ వాచీ చూసుకుని, చూసుకున్నందుకు సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. రత్నం కట్టర్ పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు, ఎక్కడండీ అన్నట్టు.  

వేలితో నీటి అంచున ఒకచోటు చూపించింది.

రత్నం దింపేడు. తిప్పేడు. లాగేడు. మట్టిముద్ద రాలేదు. నల్లటి పీచు, బురద, గోధుమరంగు నీళ్ళు కట్టర్లోంచి జారిపోయేయి. కన్నం చూస్తుండగానే నిండిపోయింది. రత్నం కన్నంలో బిగించే ప్లాస్టిక్ కప్పు పెట్టేడు. కప్పు నెమ్మదిగా పైకి తేలింది. అరచేత్తో అదిమిపట్టి జెండా గుచ్చేడు. చెయ్యి తీశాక జెండా కాస్త ఆలోచించినట్టు నిలబడి, పక్కకి ఒరిగి, నీళ్ళలో పడుకుంది.

వెనకాల ఎవరో చిన్నపిల్ల నవ్వింది. వాళ్ళమ్మ నోరు మూసింది.

కేశవరావుగారు అదంతా కుర్చీలోంచి చూసేరు. మెల్లగా వంగి, పుట్టర్ చివరితో నేలని పొడిచేరు. గోధుమరంగు నీరు ఊరింది. రెండు వేళ్ళు అందులో ముంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. జీవితమంతా డొక్కల మధ్య బతికిన మనిషి. ఆ వాసన ఆయనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

 వేళ్ళు కండువాకి తుడుచుకున్నారు. జరీ కండువా.

"చాల్లేమ్మా" అన్నారు. "ఆటగాళ్ళని ఆడుకోనీ."

పోటీ జరిగింది. ముసలాయనని లోపలికి రమ్మని కొడుకు బతిమాలేడు. రానన్నారు. గొడుగు పట్టించుకుని అక్కడే కూర్చుని, ఒక్కొక్కరూ తొమ్మిదో గ్రీన్‌కి వచ్చి మెరక మీదకి కొట్టడం చూసేరు. కొందరివి జారిపోయేయి. చాలామందివి పడ్డాయి. పడ్డప్పుడల్లా చిన్నగా తలూపేరు. ఆఖరి గుంపు వెళ్ళిపోయాక సలోమిని పిలిచేరు. ఆమె వచ్చి కుర్చీ పక్కన తడిగడ్డి మీదే కూర్చుండిపోయింది.

"కన్నం మంచిచోటే ఉందమ్మా" అన్నారు, మెరక వైపు చూపిస్తూ.

సలోమి తలొంచుకుంది.

"తేమ కూడా బాగా ఆగింది" అన్నారు. "నేను చెప్పలేదూ?"

అది వేళాకోళమో, ఏడుపో ఆమెకి తెలియలేదు. నవ్వాలో వద్దో తెలియలేదు. క్షమించమని అందామనుకుంది. దేనికని? పడేలా చేసినందుకా, పడకుండా పోయినందుకా? నోరు తెరిచేలోపు ఆయన పుట్టర్‌ని రత్నం చేతిలో పెట్టి, కర్ర అందుకుని లేచేరు.

ఆ తర్వాత కేశవరావుగారు గ్రీన్ మీదకి రాలేదు. కోపం లేదు. కనపడితే "ఏం సలోమమ్మా, మీ చేలో ఊడ్పులయ్యేయా?" అని అడుగుతారు. ఆమె "ఆయ్, అయ్యేయండి తాతగారూ" అంటుంది. అంతే. సాయంత్రాలు వరండాలోనే కూర్చుంటారు. ఇదివరకు కుర్చీ మైదానం వైపు ఉండేది. ఇప్పుడు రోడ్డు వైపు తిప్పించుకున్నారు. చెయ్యి ఒళ్ళో అలాగే పడుంటుంది. ఫిజియోథెరపీ అతను వచ్చి లేపి, వంచి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసి వెళ్తాడు.

వానలు తగ్గాక పల్లం తవ్వించి కంకర పోయిద్దామని గంగాధరరావుగారు అన్నారు. ఇంకా తవ్వలేదు. నీళ్ళు ఇంకిపోయేయి, గడ్డి మళ్ళీ పచ్చబడింది. సలోమి రోజూ పొద్దున్నే తొమ్మిది చోట్లూ కాళ్ళతో చూసుకుని కన్నాలు చూపిస్తుంది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక రత్నం కట్టర్ భుజాన వేసుకుని తొమ్మిదోదాని దగ్గర నిలబడి అడుగుతాడు.

"ఎవరి కోసవండీ మేడమ్‌గారూ?"

"కొయ్యండి" అంటుంది సలోమి. పల్లానికి అట్టడుగున.

రత్నం కోసి, జెండా నిలబెట్టి, వరండా వైపు చూస్తాడు. ఆమె చూడదు.

ఇదీ సలోమిగారి కథ. అందుకే కలవమంటున్నది. కలిసినప్పుడు ఒక్క సంగతి ఆలోచించి వెళ్ళండి, ఎందుకంటే ఆవిడ ఎదురైన ప్రతి మనిషినీ ఏదో ఒక సందులో ఇదే అడుగుతుంది. ఆ ఆదివారం పొద్దున్న, కాళ్ళకి బురదతో, ఆ వరండా మెట్ల దగ్గర మీరున్నారనుకోండి. పట్టుపంచె కట్టుకుని, ఒళ్ళో పుట్టర్ పెట్టుకుని, నా మీద నమ్మకం లేదా అని ఆయన మీ మొహంలోకే చూస్తున్నారనుకోండి. మీరైతే ఏం చేసేవారు?